పోయిన మిత్రుడి గురించి రాయాలి, ఆయనతో నా తగాదా దాచకుండా

#1 పక్కగది

మా తత్వశాస్త్ర విభాగంలో నా పక్కగదిలో కూర్చునే సహోద్యోగి పోయారు. ఇక్కడ చాలామందికి ఆయన తెలుసు. కొందరికి పాఠాలు చెప్పారు, కొందరిని ఇదే వేదికలో ఉతికి ఆరేశారు కూడా. పేరు రాయను, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. తెలిసినవాళ్ళకి పేరు అక్కర్లేదు, తెలియనివాళ్ళకి అది లేకపోయినా చర్చ ఆగదు.

విభాగం తరఫున స్మారక సంచిక తెస్తున్నారు. మొదటి వ్యాసం నన్ను రాయమన్నారు. ఇప్పటికే వచ్చిన మిగతావి చదివాను. అన్నిట్లోనూ ఆయన సౌమ్యుడు, మితభాషి, ఎవరినీ నొప్పించని మనిషి. వీళ్ళు వేరే ఎవరి కోసమో రాసింది పొరపాటున మాకు పంపారేమో అనిపించింది. సెమినార్లో ఆయన చెయ్యెత్తారంటే మాట్లాడేవాడి గొంతు తడారిపోయేది.

నా ఇబ్బంది ఏమిటంటే, ఆయనా నేనూ ఏళ్ళ తరబడి ఒకే విషయం మీద పోట్లాడుకున్నాం. చనిపోయినవాళ్ళకి మనం మేలుగానీ కీడుగానీ చెయ్యగలమా? ఆయన గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పక్షం. మనం ఉన్నంతసేపూ చావు లేదు, చావు వచ్చాక మనం లేము. లేనివాడికి నష్టం ఏమిటి? పోయినవాడి పరువు తీసినా, వాడికిచ్చిన మాట తప్పినా, దెబ్బ తగిలేది బతికున్నవాళ్ళకే అనేవారు. నేను ఒక్కరోజు కూడా ఒప్పుకోలేదు. మా స్నేహంలో సగం ఈ తగాదాయే. అది వదిలేసి రాస్తే ఆయన గురించి రాసినట్టు కాదు. రాస్తే, జవాబు చెప్పడానికి మనిషి లేడు కదా అని ఆఖరి మాట నేను లాక్కున్నట్టు ఉంటుంది.

ఒక రాతప్రతి సంగతి కూడా ఉంది, అది తర్వాత చెప్తాను. ముందు మీకు గుర్తున్నవి రాయండి. మంచివే రాయాలని రూలేమీ లేదు.

#2 చివరిబెంచీ

సార్, నేను ఆయన దగ్గర ఎం.ఏ. చదివాను. మొదటి టర్మ్‌లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ మీద పేపర్ చదువుతూ, ఆత్మా శరీరం వేరువేరని చెప్పడం చిన్నపిల్లల వాదన అన్నాను. క్లాసంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఆయన ఇప్పుడు తలుపు తోసుకుని లోపలికొస్తే ఈ మాట మొహం మీద అనగలరా? అన్నాక ఆయన ఏమంటాడో చెప్పండి" అన్నారు. చెప్పలేకపోయాను. వచ్చే వారం డెకార్ట్ తరఫున వాదించమన్నారు. వారమంతా నిద్ర లేదు, టెన్షన్. వాదించాను. అయ్యాక ఒకటే అన్నారు: "శరీరం లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదుపుతుంది అన్న ప్రశ్న 1643లోనే బొహీమియా యువరాణి ఎలిజబెత్ ఆయన్ని ఉత్తరంలో అడిగింది. మీకంటే మర్యాదగా, మీకంటే గట్టిగా. అది చదివి రండి."

పేపర్లు దిద్దేటప్పుడు మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండే మాటలు రాసేవారు. వాదన తెగినచోట "ఎలా?" అని. వాదన నిలబడినచోట "తర్వాత?" అని. "బాగుంది" అని ఎవరి పేపర్ మీదా నేను చూడలేదు. ఐదు "తర్వాత?"లు వచ్చిన పేపర్ ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. ఉద్యోగాల ఇంటర్వ్యూలకి దాన్ని తీసుకెళ్ళలేను గానీ, నా దృష్టిలో నా సర్టిఫికెట్ అదే.

#3 తొందరపాటు

మంచివే రాయాలని రూల్ లేదన్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు ఆయనంటే పడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీ దగ్గర సెమినార్ ఇచ్చాను. మాట ఇస్తే ఎందుకు నిలబెట్టుకోవాలి అన్నది అంశం. ఎదుటివాడు మన మీద పెట్టుకున్న నమ్మకం దెబ్బతింటుంది కాబట్టి అన్నాను. మొదటి పావుగంట ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, నిద్రపోతున్నారనుకున్నాను. చివర్లో కళ్ళు తెరిచి, "మాట పుచ్చుకున్నవాడు ఆ సంగతే మర్చిపోయాడనుకోండి. వాడి నమ్మకం దెబ్బతినే ప్రశ్నే లేదు. అప్పుడు మీరు తప్పొచ్చా?" అని అడిగారు. నేనేదో నసిగాను. "అది జవాబు కాదు" అన్నారు. ఇంకోటి చెప్పాను. "ఇది కూడా కాదు" అన్నారు. పెద్ద హాలు, ముందు వరుసలో నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళు కూర్చున్నారు. తర్వాత కనీసం పలకరించలేదు. ఆ అంశం మీద నేను మళ్ళీ ఒక్క పేజీ కూడా అచ్చు వెయ్యలేదు.

పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఆయన వాదన ప్రకారం మాట్లాడితే ఆయనకేం పోదు కదా!

#4 పక్కగది

మీరు రాసింది అక్షరాలా నిజం. ఆరోజు నేనూ ఆ హాల్లో ఉన్నాను. బయటికొచ్చాక అడిగాను, ఆ అబ్బాయిని అలా నిలబెట్టడం అవసరమా అని. "వాదన దగ్గరదాకా వచ్చి ఆగిపోయాడు, ఇంకొక్క అడుగు వేస్తాడేమోనని తోశాను" అన్నారు. తోసేది తెలుస్తుంది గానీ పడేది తెలియదు మీకు అన్నాను. దానికేం మాట్లాడలేదు. ఇది ఆయన్ని వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. నాకు తెలిసినంతలో ఆయన ఎవరికీ సారీ చెప్పిన మనిషి కాదు.

కళ్ళు మూసుకోవడం మాత్రం నిద్ర కాదు. స్లైడ్లు చూస్తే మాట వినబడదనేవారు. (ఒకటి రెండుసార్లు గురక కూడా వినబడింది, అది వేరే సంగతి.)

#5 పూర్వపక్షి

ఆయనతో నాకు పరిచయం ఈ వేదికలోనే. ముఖాముఖి ఎప్పుడూ కలవలేదు. పక్కగది గారి ప్రశ్నకి ఒక మాట.

తత్వవేత్త చావు గురించి మిత్రులు రాసినవాటిలో అన్నిటికన్నా పేరున్నది, సోక్రటీస్ ఆఖరి రోజు గురించి ఆయన శిష్యుడు ప్లేటో రాసిన ఫీడో. దాన్ని అందరూ విషపాత్ర దృశ్యం కోసం గుర్తుపెట్టుకుంటారు. పుస్తకంలో ఎక్కువ భాగం అది కాదు, వాదన. ఆత్మ నశించదని సోక్రటీస్ వాదిస్తుంటే సిమ్మియాస్, కీబీస్ అనే మిత్రులిద్దరూ ఓ పక్కన గుసగుసలాడుకుంటారు. వాళ్ళకి అభ్యంతరాలున్నాయి. కానీ కాసేపట్లో చనిపోబోయే మనిషితో ఎలా చెప్పడం? సోక్రటీస్ అది పసిగట్టి, చెప్పండి అని బలవంతం చేస్తాడు. చెప్తారు. ఆ అభ్యంతరాలు ఎంత గట్టివంటే కూర్చున్నవాళ్ళందరూ డీలా పడిపోతారు. అప్పుడు సోక్రటీస్ పక్కనున్న శిష్యుడు ఫీడో జుట్టు నిమురుతూ, రేపు నువ్వీ జుట్టు కత్తిరించుకుంటావు కాబోలు అంటాడు. దుఃఖంలో జుట్టు తీయించుకోవడం అక్కడి ఆనవాయితీ. అలా కాదు, మన వాదన చచ్చిపోయి దాన్ని మళ్ళీ బతికించలేకపోతే నువ్వూ నేనూ ఇద్దరం ఇవాళే కత్తిరించుకోవాలి అంటాడు. ఇంకాస్త ముందుకెళ్ళి, సోక్రటీస్ గురించి తక్కువ, సత్యం గురించి ఎక్కువ ఆలోచించండి అని కూడా అంటాడు.

ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారో జాబితా ఇస్తూ ప్లేటో తన గురించి ఒక్క మాటే రాసుకున్నాడు, ప్లేటోకి ఒంట్లో బాగాలేదనుకుంటా అని. నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చిన వాక్యం అదే. అంత రాసినవాడు తనని పక్కన పెట్టుకోగలిగాడు.

కాబట్టి తగాదా రాయండి. రాయకపోతేనే తప్పు.

#6 లెక్కలమాస్టారు

నాకు తత్వశాస్త్రం రాదు, ఆయనతో పరిచయం క్యాంటీన్‌లో. లెక్కల డిపార్ట్‌మెంట్ అని తెలిసి, అనంతం గురించి అడిగి నా భోజనాల టైమంతా తినేసేవారు. నాకొకటి అర్థం కావట్లేదు. చచ్చిపోయినవాడికి నష్టం లేదన్న మాటలో తప్పేముంది? నొప్పి తెలియాలంటే మనిషి ఉండాలి కదా. పక్కగది గారు ఏ లెక్కన కాదంటున్నారు?

#7 పక్కగది

మాస్టారూ, మీరు ఆయన పక్షం అన్నమాట. ఆయనుంటే మిమ్మల్ని ఈసారి క్యాంటీన్ నుంచి కదలనిచ్చేవారు కాదు.

నేను పట్టుకున్న దారి 1970లో అమెరికన్ తత్వవేత్త టామస్ నేగెల్ రాసిన చిన్న వ్యాసంతో మొదలవుతుంది. నష్టమంటే నొప్పి ఒకటే కాదు అంటాడాయన. మీ వెనక మీ మిత్రుడు మిమ్మల్ని ఏళ్ళ తరబడి మోసం చేశాడు, మీకు చివరిదాకా తెలియలేదు. అయినా మీకు అన్యాయం జరిగినట్టే. తెలిశాక బాధ కలుగుతుంది గనక మోసం చెడ్డది కాదు, మోసం చెడ్డది గనకే తెలిస్తే బాధ కలుగుతుంది. అలాగే, ఉంటే అందేది పోవడం వల్ల అందకపోవడమే చావులోని నష్టం.

దీనికి మన మిత్రుడి జవాబు ఎప్పుడూ ఒకటే: "మోసపోయినవాడు ఉన్నాడు. వేలు పెట్టి చూపించగలరు. మీ చనిపోయినవాడెక్కడ?" ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. 1984లో జార్జ్ పిచర్ అనే తత్వవేత్త దీనికి ఒక ఉపాయం చెప్పాడు. నష్టం జరిగేది శవానికి కాదు, ఒకప్పుడు బతికున్న ఆ మనిషికే. తర్వాత జరిగేది ఆ మనిషి గురించిన ఒక సంగతిని నిజం చేస్తుంది, అంతే. పిచర్ ఇచ్చిన ఉదాహరణ ఇది: అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ తర్వాత వచ్చే అధ్యక్షుడి కాలంలో ప్రపంచం పేలిపోతే, రీగన్ పదవిలో ఉన్నప్పుడే ఆయన చివరినుంచి రెండో అధ్యక్షుడన్నది నిజమవుతుంది. కాలం వెనక్కి తిరిగి రీగన్‌ని తాకిందేమీ లేదు. అలాగే, జీవితమంతా పెట్టి ఒకడు చేసిన పనిని వాడు పోయాక మనం బూడిద చేస్తే, వాడు బతికుండి వృథాగా కష్టపడ్డాడన్నది నిజమవుతుంది.

పిచర్ వ్యాసం మన మిత్రుడికి నేనే ఇచ్చాను. రెండో రోజు తిరిగొచ్చింది, మార్జిన్ నిండా "ఎలా?"లతో. రీగన్ పక్కన మాత్రం "తర్వాత?" అని ఉంది. అంతకన్నా పెద్ద విజయం నాకు ఆయన దగ్గర దొరకలేదు.

నా దగ్గర ఇంకో ఆయుధం ఉండేది. చావుతో మనకి సంబంధం లేదన్న ఎపిక్యూరస్ వీలునామా రాశాడు. నెలనెలా ఇరవయ్యో తేదీన మిత్రులంతా కలిసి తననీ, తనకన్నా ముందే పోయిన మిత్రుడు మెట్రొడోరస్‌నీ తలుచుకోవాలని అందులో ఏర్పాటు చేశాడు. నువ్వే లేనప్పుడు నీకెందుకయ్యా ఈ తేదీలు అని రోమన్ రచయిత సిసిరో తర్వాతి కాలంలో ఎద్దేవా చేశాడు. నేనూ సిసిరో వెనకే నిలబడి అదే అనేవాణ్ణి. "ఆ ఇరవయ్యో తేదీ పోయినవాళ్ళ కోసం కాదు, వచ్చి కూర్చునేవాళ్ళ కోసం" అనేవారు. అక్కడ మాత్రం ఆయనదే పైచెయ్యి అని ఇప్పుడు అనిపిస్తోంది. మనం చేస్తున్నదీ అదే కదా.

#8 అరలమధ్య

లైబ్రరీ నుంచి. ఆయన పేరు మీద ఇంకా తిరిగి రావాల్సిన పుస్తకాలున్నాయి. ఇంట్లోవాళ్ళు కంగారు పడొద్దు, ఆ లెక్క మేం చూసుకుంటాం. ఆయన తిరిగిచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ గీతలుంటాయి. చెరిపేయమని రూలు. నేను చెరపలేదు, చెరపను.

స్మారక వ్యాసం రాసేవాళ్ళకి ఆర్థికశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ కథ ఒకటి చెప్పాలి. ఆయన మిత్రుడు, తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1776 ఆగస్టు 25న పోయాడు. మతం మీద సంభాషణల రూపంలో రాసిన పుస్తకం అచ్చు కాకుండా ఉండిపోయింది. దాన్ని నువ్వు వేయించు అని స్మిత్‌ని అడిగాడు. స్మిత్ గొడవవుతుందని జంకాడు. హ్యూమ్‌కి విషయం అర్థమై, ఆఖరి రోజుల్లో వీలునామాకి ఒక మాట చేర్చాడు: రాతప్రతులు ప్రచురణకర్త స్ట్రాహన్‌కి, రెండున్నరేళ్ళలో వెయ్యకపోతే అన్న కొడుక్కి అని. ఆ అన్న కొడుకే 1779లో వేశాడు. పెద్ద గొడవేమీ కాలేదు.

స్మిత్ ఏం చేశాడంటే, మిత్రుడు చివరి రోజుల్లో ఎంత నిబ్బరంగా ఉన్నాడో చెప్తూ స్ట్రాహన్‌కి ఒక ఉత్తరం రాశాడు. అది అచ్చయింది. దేవుణ్ణి నమ్మనివాడు అంత ప్రశాంతంగా పోవడమేమిటి, దాన్ని ఇంకొకడు మెచ్చుకోవడమేమిటి అని జనం స్మిత్ మీద విరుచుకుపడ్డారు. బ్రిటన్ వ్యాపార వ్యవస్థ మొత్తాన్నీ ఏకిపారేసిన తన పెద్ద పుస్తకానికి వచ్చిన తిట్లకి పదింతలు, మిత్రుడి చావు మీద రాసిన ఒక్క కాగితానికి వచ్చాయని తర్వాత వాపోయాడు. మిత్రుడు అడిగింది చెయ్యడానికి భయపడ్డాడు, తనంతట తాను చేసినదానికి తిట్లు తిన్నాడు.

#9 పూర్వపక్షి

హ్యూమ్ పేరొచ్చింది కాబట్టి చిన్న చేర్పు. పోవడానికి కొన్ని వారాల ముందు రచయిత బోస్వెల్ వెళ్ళి, పూర్తిగా లేకుండా పోతారన్న ఆలోచన మిమ్మల్ని కలవరపెట్టదా అని అడిగాడు. పుట్టకముందు లేనన్న ఆలోచన ఎంత కలవరపెడుతుందో అంతే అన్నాడు హ్యూమ్. ఇది ఎపిక్యూరస్ పక్షం రోమన్ కవి లుక్రీషియస్ వాదన. భయపడ్డది బోస్వెల్. చనిపోతున్నవాడు కాదు.

పక్కగది గారూ, రాతప్రతి సంగతి చెప్తానన్నారు.

#10 పక్కగది

చెప్తాను. పోయేనాటికి ఆయన పుస్తకం ఒకటి దాదాపు పూర్తయింది. చనిపోయినవాళ్ళ పట్ల మన బాధ్యతలు అన్నదే అంశం. చేతిరాత, పెన్సిల్. కొన్నిచోట్ల ఎన్నిసార్లు చెరిపారంటే కాగితం పొరలాగా అయిపోయి వెనక పేజీ అక్షరాలు కనబడతాయి. చివరి అధ్యాయం పేరు "చనిపోయినవాడికిచ్చిన మాట". నా వాదనల్ని పేరు పెట్టకుండా ఒక్కొక్కటే తీసుకుని విరగ్గొట్టారు. పిచర్‌తో సహా. చదివితే నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. పుస్తకంలో అన్నిటికన్నా బాగున్న అధ్యాయం అదే.

ఆఖరిసారి కలిసినప్పుడు, మిగతా పుస్తకం మీ ఇష్టం, ఆ అధ్యాయం మాత్రం వెయ్యొద్దు అన్నారు. సరే అన్నాను.

ఇప్పుడు చూడండి నా పరిస్థితి. ఆ అధ్యాయమే నిజమైతే, నేను మాట తప్పి దాన్ని అచ్చు వేసినా ఆయనకి ఏ నష్టమూ లేదు. తత్వవేత్తగా ఆయన్ని గౌరవించాలంటే వెయ్యాలి. వెయ్యకుండా ఉంటే నా సిద్ధాంతం ప్రకారం నడుచుకున్నట్టు, ఆయన జీవితమంతా కాదన్న సిద్ధాంతం ప్రకారం! పైగా వెయ్యకపోతే లాభపడేదెవరు? దెబ్బతిన్న వాదనలు నావి. దాచింది మాట కోసమా, పరువు కోసమా అని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

#11 తొందరపాటు

వెయ్యండి. పోయినవాళ్ళ కోరికల కన్నా చదివేవాళ్ళ అవసరం ముఖ్యం. ప్రపంచంలో సగం తత్వశాస్త్రం మిత్రులు అచ్చు వేసిందే.

#12 అరలమధ్య

సగం అనలేను గానీ చాలానే ఉంది. తత్వవేత్త గారెత్ ఎవాన్స్ 1980లో 34 ఏళ్ళకే పోతే, అసంపూర్తిగా ఉన్న పుస్తకాన్ని ఇంకో తత్వవేత్త జాన్ మెక్‌డవల్ 1982లో తెచ్చాడు. ఎవాన్స్ నోట్సులో దొరికినవాటిలో కొన్నిటిని అధ్యాయాల్లో కలిపెయ్యకుండా వాటి చివర్లో విడిగా అనుబంధాలుగా పెట్టాడు. ఏది ఎక్కడిదో చదివేవాడికి తెలియాలని. మన దేశపు తత్వవేత్త మతిలాల్ 1991లో పోయారు, భారతీయ తర్కం మీద ఆయన పుస్తకాన్ని శిష్యులు 1998లో తెచ్చారు. తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ సంగతి వేరే రకం. ఆయన పోయిన రెండేళ్ళకి, 1953లో పుస్తకం వచ్చింది. సంపాదకులు దానికి రెండో భాగమని ఒకటి చేర్చారు. అది అసలు ఆ పుస్తకంలో భాగమేనా అన్న తగాదా నడిచీ నడిచీ, 2009 ముద్రణలో ఆ పేరు తీసేసి వేరే రచనగా చూపించారు.

జర్మన్ తత్వవేత్త నీషే పోయాక ఆయన చెల్లెలు నోట్సులు కత్తిరించి అతికించి పుస్తకం చెయ్యడం గురించి చెప్పక్కర్లేదు. మిత్రులు చేస్తే సంపాదకత్వం, చుట్టాలు చేస్తే అపచారం అని కాదు. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో కనబడాలి, నేననేది అంతే.

#13 మోడరేటర్

ఆయన జబ్బు గురించీ ఇంటి విషయాల గురించీ రాసిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి అటు వెళ్ళొద్దు. మిగతా చర్చ సాగించండి.

#14 చివరిబెంచీ

సార్, ఆ రాతప్రతి టైపు చేస్తున్నవాళ్ళలో నేనూ ఉన్నానని మీకు తెలుసు. చెప్పొచ్చో లేదో తెలియక ఆగాను. చివరి అధ్యాయం మొదటి పేజీ మార్జిన్‌లో, ఇంటి ఖర్చులు రాసుకున్నంత మామూలు అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "ఇది గెలవడానికి రాసింది. నమ్మి రాసింది కాదు." దాని కింద "ఎలా?" అని. తన రాత మీద తనే.

నాకు అనిపించేదేమిటంటే, ఆయన ఆ అధ్యాయాన్ని ఆపమన్నది నష్టం గురించి కాదు. తను నిలబడలేని వాదన తన పేరు మీద తిరగడం ఇష్టం లేక. మాకు నేర్పిందంతా అదే కదా. గెలిచే వాదన ఉంటే చాలదు, దాని పక్కన కూర్చోగలగాలి.

#15 లెక్కలమాస్టారు

అయితే ఆయన మనసు మారిందా? పక్కగది గారి పక్షానికి వచ్చేశారా?

#16 పక్కగది

మాస్టారూ, అది అనుకోవాలని నాకెంత ఉందో మీకు తెలియదు. కానీ ఆరోజు నేను సరే అన్నాక ఇంకో మాట జరిగింది. రాయాలా వద్దా అని ఇన్ని రోజులూ ఊగిసలాడాను.

నేను సరే అనగానే ఆయన నవ్వారు. "నా లెక్క ప్రకారం రేపు నేను లేకపోతే ఈ మాటకి విలువ లేదు. మీ లెక్క ప్రకారమే ఉంది. అందుకే మిమ్మల్ని అడిగాను. నా శిష్యుల్ని అడిగితే అచ్చు వేసేస్తారు" అన్నారు. అంటే నా పక్షానికి మారారని కాదు. నేను మారనని ఆయనకి గట్టి నమ్మకం. అన్నేళ్ళు నన్ను ఒప్పించలేకపోవడాన్ని ఆఖరికి అలా వాడుకున్నారు.

#17 పూర్వపక్షి

అద్భుతంగా ఉంది, కానీ భావోద్వేగంలో ఒక మెట్టు దాటేస్తున్నాం. ఎదుటివాడి నమ్మకం మీద ఆధారపడటానికి ఆ నమ్మకం నిజం కానక్కర్లేదు. కాబట్టి ఆ మాటల్ని బట్టి ఆయన సిద్ధాంతం ఓడిందనలేం, నెగ్గిందనీ అనలేం. అయితే ఆయన్ని ఒకటి అడగాలి: లేకుండా పోయాక నీకేదీ పట్టదంటున్నావు, మరి ఆ అధ్యాయం గురించి ఇప్పుడెందుకు పట్టింపు? ఎపిక్యూరస్‌ని సిసిరో అడిగినదే. బతికున్నవాడికి రేపటి గురించి పట్టింపు ఉండొచ్చు, రేపు అది తీరకపోతే నష్టం మాత్రం లేదు అనేవారేమో. ఆ రెండూ కలిసి నిలబడతాయా అన్నది నాకు అనుమానమే. నిలబడవని రుజువు మాత్రం నా దగ్గర లేదు.

ఇంకోటి. సైన్సు గురించి రాసిన తత్వవేత్తలు ఫెయెరాబెండ్, లకటోష్ ఇద్దరూ కలిసి ఒక పుస్తకం వెయ్యాలనుకున్నారు. సైన్సుకి ఒక పద్ధతి ఉందన్నదానికి వ్యతిరేకంగా ఒకడు, దాన్ని సమర్థిస్తూ ఇంకొకడు. 1974లో లకటోష్ హఠాత్తుగా పోయాడు. ఫెయెరాబెండ్ తన సగాన్ని మరుసటేడు ఒంటరిగా వేసి మిత్రుడికి అంకితమిచ్చాడు. అవతలి సగం రాలేదు. 1999లో ఇద్దరి ఉత్తరాలూ అచ్చయ్యాకగానీ లకటోష్ ఏమనేవాడో కొంతైనా తెలియలేదు. పక్కగది గారి వ్యాసం ఆ ఒంటరి సగంలా కాకుండా చూసుకోవాలి.

#18 తొందరపాటు

నేను #11లో వెయ్యమన్నాను. ఈ మాట విన్నాక వద్దంటున్నాను, కారణం వేరే.

ఆరోజు హాల్లో ఆయన అడిగినదానికి జవాబు నాకు చాలాకాలం తర్వాత తట్టింది. మాట ఇవ్వడమంటే ఎదుటివాడి చేతికి ఒక అధికారం ఇవ్వడం. నన్ను ఆ మాటనుంచి వదిలెయ్యగలిగేది వాడొక్కడే. వాడు మర్చిపోతే వదిలేసినట్టు కాదు. కాబట్టి మాట ఇంకా మాటే. నేను చెప్పిన నమ్మకం కథ తప్పుదారి.

ఇదే చనిపోయినవాడి విషయంలో పెట్టి చూడండి. బతికున్నవాణ్ణి బతిమాలి, "ఇక వదిలెయ్యండి" అనిపించుకోవచ్చు. చనిపోయినవాడు వదల్లేడు. నష్టం ఉందా లేదా అన్న తగాదా తేలకపోయినా, పక్కగది గారిని ఆ మాటనుంచి తప్పించగలవాళ్ళు ఎవరూ లేరు.

#19 పూర్వపక్షి

లేదా అధికారం పట్టుకున్నవాడే లేడు కాబట్టి అధికారమూ లేదు. ఆయనైతే వెంటనే అదే అనేవారు.

#20 తొందరపాటు

అనేవారు. నేను కూడా ఈసారి నసిగేవాణ్ణి కాదు.

#21 పక్కగది

రాత్రి కూర్చుని ఒక నిర్ణయానికొచ్చాను. పుస్తకం చివరి అధ్యాయం లేకుండానే వస్తుంది. అలాంటిది ఒకటి ఉందనీ, రచయిత కోరిక మీద ఆపామనీ, అందులో దెబ్బలు తిన్న వాదనలు నావేననీ ముందుమాటలో రాస్తాను. అరలమధ్య గారన్నట్టు ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో తెలియాలి.

స్మారక వ్యాసంలో తగాదా మొత్తం రాస్తున్నాను. ముందు ఆయన పక్షం, ఆయన వచ్చి చదివితే తలూపేలా. అది రాయడానికే ఎక్కువ రోజులు పట్టేలా ఉంది, ఎందుకంటే ఆయన వాదనల్ని ఇన్నేళ్ళూ విరగ్గొట్టడానికే విన్నాను. చివరిబెంచీ గారూ, ఆ భాగం మీకు పంపుతాను. మార్జిన్‌లో ఆ రెండు మాటలే వాడండి.

తొందరపాటు గారూ, మీరు #3లో రాసింది సంచికకి ఇస్తారా? సౌమ్యుడన్న వ్యాసాలు ఆరున్నాయి, ఇలాంటిది ఒక్కటీ లేదు.

#22 తొందరపాటు

ఇస్తాను. కానీ #18 కూడా దాంతోపాటే వెయ్యాలి. ప్రశ్న ఒక్కటే వేస్తే నేను ఇంకా ఆ హాల్లోనే నిలబడినట్టు ఉంటుంది.

#23 పక్కగది

రెండూ వేద్దాం. #18ని కొంచెం పెంచి రాయండి. మాట ఇచ్చింది ఒకడికి కాకుండా ఒక గుంపుకైతే, అందులో సగంమంది పోతే, వదిలెయ్యగలిగేది ఎవరు? ఆయన ఎలాగూ అడిగేవారు, ఇప్పుడే చూసుకోండి.